పదో వంతు బల్ల

నా మొదటి డ్రాయింగు బల్ల మే నెలలో పగిలింది. కరీంనగర్‌లో ఎండలు మండిపోతున్న రోజులు. మధ్యాహ్నం లోపలి గదిలో ఠప్పుమని చప్పుడైతే ఏదో కింద పడిందనుకున్నాను. చూస్తే పలకల మధ్య వేలిగోరు దూరేంత సందు. జన్నారం వైపు నుంచి వచ్చిన మంచి టేకు అది. కొయ్యలో లోపం లేదు. కాగితం మీద ఒక్క గీత గీయకుండా, చేతులు చాపి ‘ఇంత పొడవు, ఇంత వెడల్పు’ అని చూపించి చేయించాను. అడుగున రెండు అడ్డపట్టీలు పెట్టి మేకులతో గట్టిగా బిగించేశాం. కొయ్య పొడవునా దాదాపు కదలదు, వెడల్పులో మాత్రం వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ముడుచుకుపోదామంటే మేకులు కదలనీయలేదు. చీలింది.

రెండోసారి ముందు ఒక ఎ4 కాగితం తీసుకున్నాను.

పదో వంతు కొలత పెట్టుకున్నాను. అసలు బల్లలో 10 సెంటీమీటర్లు కాగితం మీద 1 సెంటీమీటరు. మన పల్లెల్లో ఇది కొత్త సంగతి కాదు. ఊరి నక్షా, టిప్పన్ చూసిన రైతు ఎవరైనా ఎకరాల చెలకను బెత్తెడు కాగితంలో గుర్తుపడతాడు. పైపలకకు 1000 x 700 మిల్లీమీటర్లు ఎంచుకున్నాను. 841 x 594 ఉండే ఎ1 షీటు పరిస్తే పక్కలకు దాదాపు 8 సెంటీమీటర్లు, పైనా కిందా 5కు పైగా మిగులుతాయి. టీ-స్క్వేర్ తల ఆనించడానికి, చేయి పెట్టుకోవడానికి ఆ జాగా కావాలి. ముందువైపు బొమ్మ, దాని పక్కన పక్కవైపు బొమ్మ, కింద పైనుంచి చూసిన బొమ్మ, మూడూ ఒకే కాగితంలో సరిపోయాయి.

అన్నిటికన్నా పనికొచ్చింది పక్కవైపు బొమ్మ. ముందు అంచు నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తు. అక్కడ మడతబందు మీద పలక లేస్తుంది. 20 డిగ్రీలు వాలిస్తే వెనక అంచు మరో 24 సెంటీమీటర్లు పైకి వెళ్తుంది, అంటే నేలకు 99. కుర్చీలో కూర్చున్నవాడి చేయి అక్కడిదాకా అందుతుందా? కంపాసుతో ఆ వంపు గీశాక గాని తెలియలేదు, అందుతుందని. ఇంకో సంగతీ బయటపడింది. పలకను దించినప్పుడు దాని ఊతకర్ర మడిచి కింద పడుకోవాలి. నేననుకున్న చోట పెడితే దాని కొస అడుగు పట్టీకి తగులుతోంది. రబ్బరుతో తుడిచి 2 మిల్లీమీటర్లు జరిపాను. అసలు బల్లలో అది 2 సెంటీమీటర్లు. కొయ్యలో బెజ్జం తొలిచాక తెలిసుంటే ఆ పట్టీ వృథా అయ్యేది.

కాగితం పట్టుకుని మా వీధి వడ్లాయన దగ్గరికి పోయాను. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా ఆయన చేతికి అంగుళాలూ సూతులే అలవాటు. అంగుళానికి 8 సూతులు. నా 1000 మిల్లీమీటర్లు ఆయన నోట 39 అంగుళాల 3 సూతులయ్యాయి. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు:

“సారూ, మీ గీత సన్నగుంటది. నా రంపానికి మందముంటది. గీతకు ఏ పక్క కొయ్యాల్నో గది సుత రాయుండ్రి.”

ఏళ్ల తరబడి బడిలో డ్రాయింగు చెప్పినవాణ్ని, ఆ సంగతి నాకు తట్టలేదు. ఇంటికొచ్చి, కోసి పారేసే వైపంతా పెన్సిలుతో నలుపు చేశాను. అడ్డపట్టీల మరలకు గుండ్రటి బెజ్జాలు కాకుండా పలక వెడల్పు దిక్కున సాగిన బెజ్జాలు పెట్టాలి. పలక కదిలితే మరలు వాటిలో జరుగుతాయి. అంత చిన్న సంగతి పదో వంతులో కనబడదు. దాన్ని మాత్రం వేరే కాగితం మీద నిజమైన కొలతలో గీసిచ్చాను.

నిర్మల్ పోయినప్పుడు తెచ్చుకున్న పొనికి చెక్క ముక్క ఇంట్లో ఉంది. బొమ్మల కోసమే పుట్టినంత మెత్తన, తేలిక. దాంతో 10 సెంటీమీటర్ల పొడవున్న బుల్లి బల్ల చేసి, వాల్చి, దించి చూశాను. ఆ చెక్కతో అసలు బల్ల చేస్తే అంచులు నొక్కుకుపోతాయి, టీ-స్క్వేర్ తిన్నగా నడవదు. ఆడించి చూడటానికి మాత్రం అంతకంటే మంచి కొయ్య లేదు.

ప్లాను ఉంటే కొయ్య లెక్క కూడా ముందే తేలుతుంది. 25 మిల్లీమీటర్ల మందంతో పైపలకకు సీఎఫ్‌టీలో 0.62, నాలుగు కాళ్లకు 0.32. ఆపైన పట్టీలు, తరుగు. టేకు ధరలు తెలిసినవాళ్లకు ఈ లెక్క విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఈ బల్ల మూడు ఎండాకాలాలు చూసింది. పలకలో సందు రాలేదు. ప్లాను కాగితం మాత్రం నా దగ్గర లేదు. వడ్లాయన తన దుకాణం గోడకు మేకు కొట్టి తగిలించుకున్నాడు. దాన్ని చూసి మరో రెండు బల్లలు చేశాడు.