కొలువు పోయినవాళ్ల కుస్తీ

సికింద్రాబాద్‌లో మా తరానికి కుస్తీ అంటే ట్రంప్ కార్డులే. వాటి మీద కుస్తీవీరుల ఎత్తు, బరువు, ఛాతీ కొలత అన్నీ ఉండేవి. కొలువు పోయిన సంగతి మాత్రం ఏ ముక్క మీదా ఉండేది కాదు.

కుస్తీవీరుడు డ్రూ మెకింటైర్ కాబోయే ఛాంపియన్ అని 2009లో కుస్తీ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈ అప్పటి అధిపతి విన్స్ మెక్‌మహనే టీవీలో చాటాడు. కొన్నాళ్లకు అదే మనిషి జిందర్ మహల్, హీత్ స్లేటర్‌లతో కలిసి ఓ ఉత్తుత్తి రాక్ బ్యాండ్‌లో నవ్వులపాలయ్యాడు. 2014 జూన్ 12న మెకింటైర్‌కీ మహల్‌కీ ఒకేరోజు ఉద్వాసన.

మహల్ 2016లో తిరిగొచ్చాడు, కండలు తిరిగి. మరుసటి మే నెలలో రాండీ ఆర్టన్‌ని ఓడించి ఛాంపియన్ బెల్టు పట్టాడు. మెకింటైర్ చిన్నాచితకా పోటీల్లో ఆడి ఆడి, తనూ తిరిగొచ్చి, 2020లో ఆ సంస్థ పెద్ద పండగ రెజిల్‌మేనియాలో బ్రాక్ లెస్నర్‌ని పడగొట్టాడు. కరోనా రోజులు, చప్పట్లు కొట్టడానికి ఒక్క ప్రేక్షకుడూ లేడు.

ఫలితం ముందే రాసుకున్నదేగా అంటారు. నిజమే. వద్దనుకున్నవాడి చేతే గెలుపు రాయించుకోవడం ఉందే, నా లెక్కలో అసలు కుస్తీ అదే.

2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలిలో ఆ ఇద్దరూ తలపడ్డారు. మనవాళ్లు మాత్రం స్టార్ కుస్తీవీరుడు జాన్ సీనా కోసం ఎగబడ్డారు లెండి. 2024 ఏప్రిల్‌లో మహల్‌కి మళ్లీ ఉద్వాసన. అదే నెలలో మెకింటైర్ మరో బెల్టు గెలిచి, నిమిషాల్లోనే పోగొట్టుకున్నాడు.