పాట తొడుక్కున్న చొక్కా

పాట కొనేది చెవి కోసమే అయినా బేరమాడేది మాత్రం కన్నే. కుప్పం లాంటి ఊళ్లో ఈ మాట ఇంకా నిజం. ఒకవైపు కర్ణాటక, ఇంకోవైపు తమిళనాడు. రైలెక్కితే ఇటు బంగారుపేట, అటు జోలార్‌పేట. మూడు భాషల పాటలకూ తల ఊపేవాళ్లు అక్కడ కొల్లలు గానీ, మూడు లిపులూ చదవగలిగేవాళ్లు తక్కువ. క్యాసెట్ల కాలంలో అరవ పాటలు కావాలంటే పేరు చదివి అడిగేదెట్లా? "అన్నా, ఆ పచ్చ చీర బొమ్మ ఉండేది ఇయ్యి" అంటే చాలు, అంగడాయనకు తెలిసిపోయేది.

గ్రామఫోను ప్లేట్లకు ఈ వైభోగం లేదు. 78 ఆర్‌పీఎం రికార్డు ముతక కాగితం సంచిలో వచ్చేది. సంచి నడుమ గుండ్రటి కంత, అందులోంచి తొంగిచూసే లేబులు, అంతే అలంకారం. అమెరికాలోనూ ఇదే కథ. అక్కడ కొలంబియా కంపెనీలో పనిచేసే అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్రవాడు 1940లో రాడ్జర్స్, హార్ట్‌ల పాటల సంపుటానికి నాటకశాల దీపాల బోర్డు ఫొటోతో అట్ట తయారుచేశాడు. బొమ్మ ఉంటే సరుకు కదులుతుందని కంపెనీలకు అర్థమైంది. అప్పటినుంచి పాటకు చొక్కా కుట్టడం ఒక వృత్తి అయింది.

ఆ చొక్కాకు మన గుడ్డ కూడా వాడారు. 1967లో జిమీ హెండ్రిక్స్ 'యాక్సిస్: బోల్డ్ యాజ్ లవ్' అట్ట మీద విష్ణు విశ్వరూపం కనబడుతుంది. మన బజార్లలో పటం కట్టించి అమ్మే దేవుడి బొమ్మ అది. దాంట్లో హెండ్రిక్స్ బృందం ముఖాలను రోజర్ లా చిత్రించి అతికించాడు. అదే ఏడు వచ్చిన బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' అట్టకు రూపమిచ్చిన పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ దంపతులకు గ్రామీ బహుమతి వచ్చింది. లా, బ్లేక్, హావర్త్ పుస్తకాల్లోకి ఎక్కారు. మన ఇళ్లలో పూజలందుకునే పటాలు గీసినవాళ్లలో ఎందరి పేర్లు మనకు నోటికి వస్తాయి?

తెలుగు సినిమా రికార్డులకు విడిగా చిత్రకారుణ్ణి పెట్టుకోవడం అరుదు. పోస్టరు కోసం రాసిన అక్షరాలే, వేసిన ముఖాలే చాలాసార్లు ఎల్పీ అట్ట మీదికీ వచ్చేవి. అందుకే మన కవర్ల వెనక ఉన్న చేతులు పబ్లిసిటీ ఆర్టిస్టులవి. పాలకొల్లు నుంచి మద్రాసు చేరిన ఈశ్వర్, బాపు తీసిన 'సాక్షి' (1967)తో సొంతంగా నిలదొక్కుకుని, రెండు వేలకు పైగా సినిమాలకు పనిచేశారు. టైటిల్ అక్షరాల వంపు చూసే అది భక్తి సినిమానో, కొట్లాట సినిమానో చెప్పేయొచ్చు. ఇక బాపు రాత కంప్యూటరు ఫాంటుగా మారి పెళ్లిపత్రికల్లోకీ వచ్చేసింది.

పేరు రాసిపెడితే ఎంతకాలం నిలుస్తుందో మదనపల్లెను అడగాలి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియొసాఫికల్ కాలేజీలో దిగి 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చారు. మార్గరెట్ కజిన్స్ దాని స్వరాలను కాగితం మీద పెట్టారు. పాడింది ఆమె కాదు, రాసిందీ ఆమె కాదు. అయినా ఆ పాట కథ చెప్పేటప్పుడు ఆమెను వదిలిపెట్టం.

ఆ మదనపల్లెలో, పక్కనున్న పుంగనూరులో, క్యాసెట్ల రోజుల్లో రికార్డింగ్ అంగళ్లు ఉండేవి. చీటీ మీద పాటలు రాసిస్తే ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. లోపలి అట్ట మీద స్కెచ్ పెన్నుతో పాటల వరస రాసి, ఖాళీ మిగిలితే ఒక పువ్వో తీగో గీసేది అంగట్లోని కుర్రాడే. మద్రాసులో అచ్చయిన కవరుకూ దీనికీ పనితనంలో తేడా ఉండొచ్చు గానీ, పనిలో తేడా లేదు.

ఇప్పుడు కవరు ఫోనులో గోరంత అయింది. అందులో పేరుకు చోటేదని అంటే ఒప్పుకుందాం. కానీ ఎల్పీ 12 అంగుళాలు కదా! పాడినవారికి, రాసినవారికి, వాయించినవారికి పోగా, బొమ్మ వేసినాయనకు వెనకట్ట మీద ఒక్క వరస మిగలకపోయిందా?