బాకీ ఎంత?

లెక్కలంటే భయం లేని విద్యార్థి అరుదు. ఆ భయం ఎప్పుడు పుట్టిందని అడిగితే చాలామంది బీజగణితం దగ్గరనో, త్రికోణమితి దగ్గరనో అంటారు. నాకు అది అంతకు చాలా ముందే, రెండవ తరగతిలో, ఒక చిన్న తీసివేత లెక్క దగ్గర పుట్టింది. తెలుగు అధ్యాపకుడు కూడికలను, తీసివేతలను గురించి వ్రాయడమేమిటని మీరు వింతపడవచ్చు. కాని నేను చెప్పబోయే లెక్క నిజానికి భాషకు సంబంధించినదే.

ఆ లెక్క ఇది: "రామయ్య వద్ద 9 రూపాయలు ఉన్నవి. అంగడిలో 4 రూపాయలు బాకీ ఉన్నది. ఆ బాకీ తీరిన పిమ్మట రామయ్య వద్ద ఎంత ఉండును?"

నేను 13 అని వ్రాశాను. మా ఇంటి భాష ఉర్దూ. అందరి భోజనాలూ అయిన తరువాత అమ్మ గిన్నెలోకి చూచి "కిత్తా బాఖీ హై?" అనేది. బాకీ అంటే మిగిలి ఉన్నది అని మాత్రమే నాకు తెలుసు. రామయ్య సొమ్ము ఇంకా 4 రూపాయలు అంగడిలో మిగిలి ఉన్నదనీ, అది అతనికి చేరుతుందనీ అనుకున్నాను. తెలుగులో బాకీ అంటే అప్పు అని నాకు ఎవరూ చెప్పలేదు. ఉపాధ్యాయులు పలక మీద సున్న చుట్టి, "నీకు లెక్కలు రావురా" అన్నారు. 13 ఎట్లా వచ్చిందని అడుగలేదు. అడిగి ఉంటే నేను చెప్పి ఉండేవాడినే.

ఆ ఒక్క మాటను నేను పన్నెండేండ్లు నమ్మాను. లెక్కలు లేని చదువు ఎక్కడ ఉన్నదా అని వెదకుకుంటూ సాహిత్యంలోకి వచ్చాను. సాహిత్యం నన్ను ఆదరించింది. అందుకు చింత లేదు. కాని ఇష్టపడి ఒక ఇంటికి రావడం వేరు, తరిమితే వచ్చి చేరడం వేరు.

ఈ పాత సంగతి గత చైత్రంలో ఒంటిమిట్టలో మరల జ్ఞప్తికి వచ్చింది. మా ఆపా కుటుంబం అక్కడ ఉన్నది. బావగారు కోదండరామాలయానికి పోయే దారిలో తోపుడు బండి మీద టెంకాయలు, అరటిపండ్లు అమ్ముతారు. బ్రహ్మోత్సవాల రోజులు కావడంతో ఊరంతా సందడిగా ఉన్నది. రెండవ తరగతి చదువుతున్న మా మేనల్లుడు సాయంకాలం పుస్తకం పట్టుకొని నా దగ్గర కూర్చున్నాడు.

"రాము వద్ద 8 గోళీలు ఉన్నవి. అవి సలీం వద్ద ఉన్నవాటి కంటె 3 ఎక్కువ. సలీం వద్ద ఎన్ని ఉన్నవి?" ఇదీ లెక్క. వాడు క్షణమైనా ఆలోచించకుండా 11 అని వ్రాశాడు. ఎందుకు కూడినావని అడిగితే, "ఎక్కువ అని ఉంటే కూడాలి, తక్కువ అని ఉంటే తీసేయాలి" అని అప్పగించాడు. నేను రెండు మూడుసార్లు చెప్పి చూచాను. చివరకు ఓర్పు నశించి, "ఇంత చిన్న లెక్క రాదా నీకు?" అని గొంతు పెంచాను. వాడు తల వంచుకొని, "నాకు లెక్కలు రావు మామూ" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పది ఏండ్ల క్రిందటి ఆ ఉపాధ్యాయుని మాటను ఇప్పుడు నేనే ఆ పిల్లవాని నోట పలికించాను.

మరునాడు ఉదయం బండి దగ్గర నిలబడ్డాను. బావగారు సరుకు దించుకొనడానికి అవతలికి పోయారు. ఒక భక్తుడు రెండు టెంకాయలు తీసుకొని నూరు రూపాయల నోటు ఇచ్చాడు. టెంకాయ ఒకటి 30. మా వాడు "అరవై" అని, పది నోట్లు ఒక్కొక్కటిగా ఆయన చేతిలో పెడుతూ, "డెబ్బై, ఎనభై, తొంభై, నూరు" అన్నాడు. కాగితం లేదు, పెన్సిలు లేదు. నూటిలో అరవై తీసివేయడాన్ని వాడు కూడికతోనే ముగించాడు. మన అంగళ్ళలో చిల్లర లెక్కించే పద్ధతే అది. లెక్కలు రాని పిల్లవాడు చేసే పని కాదు.

అప్పుడు వాడిని పిలిచి మా ఉర్దూలో అడిగాను: "మన బండి మీద 8 టెంకాయలు ఉన్నాయి. పక్క బండి మీద ఉన్నవాటి కంటె 3 ఎక్కువ. పక్క బండి మీద ఎన్ని?" వాడు పక్క బండి వైపు ఒకసారి చూచి, "మనవే ఎక్కువైతే వాళ్ళవి తక్కువ కదా మామూ, ఐదు" అన్నాడు. అంకెలు అవే. రాత్రి వాడు వెదికినది ఒక మాటను; ఉదయం వాడు చూచినది రెండు బండ్లను.

ఇది మా ఇంటి వింత మాత్రమే కాదు. 1979లో ఫ్రాన్సు దేశంలోని గ్రెనోబుల్‌లో చిన్న తరగతుల పిల్లలకు ఒక చిత్రమైన ప్రశ్న ఇచ్చారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నవి. ఓడ నాయకుని వయస్సెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక జవాబు రాబట్టారు. అది మందబుద్ధి కాదు. లెక్క అంటే కనిపించిన అంకెలను ఏదో ఒకటి చేయడమేనని బడి వారికి నేర్పింది. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధులలో సరుకులమ్మే ఐదుగురు పిల్లలను గురించిన పరిశీలన 1985లో వెలువడింది. బజారులో వారు నూటికి 98 లెక్కలు సరిగా చేశారు. కథగా అడిగినప్పుడు నూటికి సుమారు 74, వట్టి అంకెలుగా ఇచ్చినప్పుడు 37 మాత్రమే సరిగా వచ్చాయి. మన కలకత్తా, ఢిల్లీ నగరాల బజారు పిల్లలను గూర్చి 2025లో ప్రకటితమైన పరిశోధన కూడా ఇటువంటి అగాధాన్నే చూపింది. అంగడి లెక్క వచ్చినవారికి బడి లెక్క రాలేదు. బడి లెక్క వచ్చినవారు అంగడి లెక్కకు తడబడ్డారు.

చిన్న తరగతుల కూడిక, తీసివేత లెక్కలను పండితులు ముఖ్యంగా మూడు విధాలుగా విభజిస్తారు. ఉన్నదానికి వచ్చి చేరడమో, ఉన్నదాని నుండి పోవడమో ఒకటి. ఎర్రవి, తెల్లవి కలిసి మొత్తం ఎన్ని అనేది రెండవది. ఒకరి కంటె ఒకరికి ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని పోల్చేది మూడవది. మూడింటిలో కష్టమైనది మూడవదే. అందులో ఏదీ రాదు, ఏదీ పోదు. 'కంటె' అనే చిన్న మాట మీదనే భారమంతా ఉంటుంది. "రాముకు సలీం కంటె ఎక్కువ" అన్నా, "సలీంకు రాము కంటె తక్కువ" అన్నా విషయం ఒకటే. ఆ రెండు వాక్యాలూ ఒకటేనని తెలియడం వ్యాకరణమా, గణితమా? ఈ తరగతిలో రెండింటికీ నడుమ గోడ లేదు.

మన పూర్వులకు ఈ సంగతి తెలుసు. తొమ్మిదవ శతాబ్దిలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన 'అల్ జబ్ర్' గ్రంథంలో అధిక భాగం వారసుల మధ్య ఆస్తి పంపకం లెక్కలే. ఆ శతాబ్దిలోనే మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తరువాతి కాలంలో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లెక్కను చెప్పుటకు కవి కావలసి వచ్చాడన్నమాట. ఇక మన పద్దు పుస్తకాలలోని జమ, ఖర్చు, బాకీ అనే మాటలు అరబ్బీ, పారసీకాల నుండి వచ్చి తెలుగువై పోయినవే. నన్ను ఏడిపించిన బాకీ మా అమ్మ మాటే. అది నాకంటె ముందే తెలుగింటికి వచ్చి, అర్థం మార్చుకొని కూర్చున్నది.

ఒంటిమిట్టలో ఇటువంటి రాకపోకలు కొత్త కాదు. కడప నవాబు ప్రతినిధి ఇమాంబేగ్ ఈ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగి, మూడుసార్లు పిలిచి, 'ఓం' అన్న బదులు విని, ఆలయానికి 1640లో బావి త్రవ్వించాడని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ బావి నేటికీ ఇమాంబేగ్ బావియే. అదే ఆలయం కోసం ఆంధ్ర వాల్మీకి వావిలికొలను సుబ్బారావు గారు టెంకాయ చిప్ప చేతబట్టి భిక్షమెత్తారు. ఆ చిప్పలో పడిన ఒక్కొక్క నాణెమూ ఒక కూడిక లెక్కే. ఊరిలోనే ఇన్ని కథలుండగా పిల్లవాడు చూడని గోళీలతోనే ఎందుకు కుస్తీ పట్టాలి?

తిరిగి వచ్చేలోగా మేము ఒక ఆట ఆడాము. లెక్కలో అంకెలు తీసివేసి కథ మాత్రం చదివేవాళ్ళం. ఏం జరిగిందో వాడు తన మాటలలో చెప్పేవాడు. పిదప ఒక లెక్కను తానే కల్పించేవాడు. చివరి రోజున వాడు నన్ను అడిగినది ఇది: "ఇమాంబేగ్ బావిలో 6 బిందెలు తోడినారు. కొన్ని వాడినారు. 2 బాఖీ ఉన్నాయి. ఎన్ని వాడినారు?" నేను కావాలనే 8 అన్నాను. వాడు తప్పు అనలేదు, నవ్వలేదు. నా ముఖం వైపు చూచి, "ఎట్లా వచ్చింది మామూ?" అన్నాడు.

విద్యార్థి మిత్రులారా, మీలో అనేకులు రేపు బడులలో ఉపాధ్యాయులవుతారు. అందరూ ఏదో ఒకనాడు ఒక పిల్లవాని పలక చూస్తారు. సున్న చుట్టే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగండి. నన్ను ఎవరూ అడగనిది అదే. మా మేనల్లునికి నేను బాకీ పడినదీ అదే.