టోపీ తీయని మనిషి కట్టిన ఊరు

ఫిలడెల్ఫియాలో దారి తప్పడం కష్టం. ఊరి నడిమధ్య సిటీ హాల్ ఉంటుంది. తలెత్తి చూస్తే గోపురం చివర వెడల్పాటి టోపీ పెట్టుకున్న ఓ పెద్దమనిషి కనిపిస్తాడు. 37 అడుగుల కంచు విగ్రహం. కొత్తగా వచ్చినవాళ్లు చాలామంది బెంజమిన్ ఫ్రాంక్లిన్ అనుకుంటారు. కాదు, ఆయన విలియం పెన్. తమాషా ఏంటంటే, అందరూ ‘పెన్’ అని పిలిచే యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా వెనకున్నది మాత్రం ఫ్రాంక్లినే! 2023లో తానా మహాసభలకి వెళ్లినవాళ్లకి ఈ విగ్రహం గుర్తుండే ఉంటుంది. కన్వెన్షన్ సెంటర్ నుంచి నాలుగడుగులేస్తే సిటీ హాలే.

ఆ టోపీకి ఓ కథ ఉంది. 17వ శతాబ్దం ఇంగ్లండ్‌లో పెద్దింటివాళ్లు ఎదురైతే టోపీ తీయాలి. క్వేకర్లు తీసేవాళ్లు కాదు. దేవుడి ముందు అందరూ ఒకటేనైతే ఈ దండాలెందుకు అనేవాళ్లు. అప్పటి ఇంగ్లిష్‌లో కూడా మనకిలాగే ‘నువ్వు’, ‘మీరు’ తేడా ఉండేది. క్వేకర్లకి రాజుగారైనా ‘నువ్వే’. మన దగ్గర ఎవరైనా కలెక్టరుగారి ఆఫీసుకెళ్లి ‘ఏంటి, నువ్వెలా ఉన్నావ్?’ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైగా కోర్టులో ప్రమాణం చేయరు, యుద్ధానికి వెళ్లరు, పూజారి వ్యవస్థ వద్దంటారు. ఇంకేముంది, వేలమందిని జైళ్లలో వేశారు. అమెరికాకి పారిపోయినా సుఖం లేదు. 1660లో బోస్టన్‌లో మేరీ డయ్యర్ అనే క్వేకర్ మహిళని ఉరి తీశారు. ఉరి తీసింది ఎవరో కాదు, తమ మతం తాము పాటించుకోవడానికి సముద్రం దాటొచ్చిన ప్యూరిటన్లే.

పెన్ పేదింటి కుర్రాడు కాదు. నాన్న నౌకాదళంలో అడ్మిరల్. కొడుకు క్వేకర్లలో కలిశాడని తెలిసి ఇంట్లో పెద్ద గొడవే అయ్యింది. 1670లో లండన్ వీధిలో ప్రసంగించాడని పెన్‌ని బోనెక్కించారు. జ్యూరీ ‘శిక్షించం’ అంది. జడ్జీలకి కోపం వచ్చి వాళ్లని తిండీ నీళ్లూ లేకుండా గదిలో పెట్టి తాళం వేశారు. అయినా జ్యూరీ మాట మార్చలేదు. చివరికి వాళ్లనే జైలుకి పంపారు! ఆ కేసు తర్వాతే, తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించకూడదన్నది ఇంగ్లిష్ చట్టంలో స్థిరపడింది.

రాజు రెండో చార్లెస్ పెన్ తండ్రికి 16 వేల పౌండ్లు బాకీ. 1681లో ఆ బాకీ కింద అమెరికాలో పెద్ద అడవి రాసిచ్చాడు. ‘పెన్ గారి అడవి’ అని అర్థం వచ్చేలా పెన్సిల్వేనియా అని పేరు పెట్టింది కూడా రాజే, అదీ అడ్మిరల్ గౌరవార్థం. సొంత డబ్బా అనుకుంటారని పెన్ మార్పించబోయాడు, కుదర్లేదు. మరుసటేడు ‘వెల్కమ్’ అనే ఓడలో బయల్దేరాడు. దారిలో మశూచి సోకి సుమారు 30 మంది చనిపోయారు.

ఊరి నడకకి వద్దాం. లండన్‌లో 1665 ప్లేగు, 1666 అగ్నిప్రమాదం పెన్ కాలంలోవే. అందుకే ఇక్కడ వీధులు తిన్నగా, వెడల్పుగా గీయించాడు. అంకెల వీధులు ఒకవైపు, వాటికి అడ్డంగా చెట్ల పేర్లు: చెస్ట్‌నట్, వాల్‌నట్, స్ప్రూస్, పైన్. ఆయన ప్లాన్‌లో ఉన్న ఐదు స్క్వేర్లూ ఇప్పటికీ ఉన్నాయి. సిటీ హాల్ కట్టింది వాటిలో మధ్యదాని మీదే. చాలా ఏళ్లపాటు ఆయన టోపీకంటే ఎత్తుగా ఎవరూ బిల్డింగ్ కట్టకూడదని పెద్దమనుషుల ఒప్పందం ఉండేది. 1987లో వన్ లిబర్టీ ప్లేస్ దాన్ని దాటేసింది. ఇక ఊరి జట్లు వరసగా ఓడిపోతుంటే అభిమానులు ‘పెన్ శాపం’ అన్నారు. 2007లో కామ్‌కాస్ట్ టవర్ చిట్టచివరి దూలం మీద బుల్లి పెన్ బొమ్మ పెట్టారు. 2008లో ఫిలీస్ వరల్డ్ సిరీస్ కొట్టేశారు!

అసలు చూడాల్సింది మాత్రం విల్లింగ్స్ ఆలీ. పేరుకి తగ్గట్టు ఇరుకు సందు. ఓల్డ్ సెయింట్ జోసెఫ్స్ అనే కాథలిక్ చర్చి అక్కడ 1733లో మొదలైంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో కాథలిక్కులు బహిరంగంగా ప్రార్థన చేస్తే నేరం. ఇక్కడా ‘దీన్ని మూయించాలా?’ అని గవర్నర్ కౌన్సిల్‌లో చర్చ జరిగింది. 1701లో పెన్ ఇచ్చిన చార్టర్ ఆఫ్ ప్రివిలేజెస్ అడ్డు నిలిచింది. చర్చి మిగిలింది.

అలాగని ఆ చార్టర్‌లో లొసుగులు లేవనుకోకండి. ఆరాధన స్వేచ్ఛ ఒకే సర్వశక్తిమంతుడైన దేవుణ్ని నమ్మేవాళ్లకి. ప్రభుత్వ పదవులు క్రైస్తవులకి మాత్రమే. ముక్కోటి దేవతలున్న మనవాళ్లు అప్పుడే వచ్చుంటే ఏ లెక్కలో రాసుకునేవాళ్లో! ఇంకో సంగతి మరీ ఇబ్బందిగా ఉంటుంది. పెన్‌కి బానిసలున్నారు. 1688లోనే, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో కలిసిపోయిన జర్మన్‌టౌన్ నుంచి నలుగురు ‘బానిసత్వం తప్పు’ అని రాసి ఇచ్చారు. క్వేకర్ సభలు ఆ కాగితాన్ని ఒకరి నుంచి ఒకరికి పంపి పక్కన పెట్టేశాయి. సభ్యులెవరూ బానిసల్ని ఉంచుకోకూడదని ఇక్కడి క్వేకర్లు తేల్చింది 1776లో. అప్పటికి 88 ఏళ్లు గడిచాయి.

ఆర్చ్ స్ట్రీట్‌లో వాళ్ల మీటింగ్ హౌస్ ఉంది, 1804లో కట్టారు. స్థలం పెన్ ఇచ్చిందే. లోపల బెంచీలు తప్ప విగ్రహం లేదు, వేదిక లేదు. ఆదివారం అందరూ మౌనంగా కూర్చుంటారు. మాట్లాడాలనిపించినవాళ్లు లేచి రెండు ముక్కలు చెప్పి కూర్చుంటారు. ఎవరికీ ఏమీ అనిపించకపోతే గంటంతా మౌనమే. ఫోన్ సైలెంట్‌లో పెట్టడం మర్చిపోవద్దు.

సిటీ హాల్ మీది విగ్రహం ఈశాన్యానికి తిరిగి ఉంటుంది. అటువైపు డెలావేర్ నది ఒడ్డున ఉంది పెన్ ట్రీటీ పార్క్. అక్కడే ఓ ఎల్మ్ చెట్టు కింద లెనాపే ఆదివాసులతో పెన్ స్నేహ ఒప్పందం చేసుకున్నాడని చెబుతారు. రాజు రాసిచ్చిన భూమే అయినా, వాళ్లకి మళ్లీ డబ్బు కట్టి కొన్నాడు. ప్రమాణం లేకుండా చేసినదీ, ఎన్నడూ తప్పనిదీ ఈ ఒప్పందమొక్కటేనని ఫ్రాన్స్‌లో వోల్టేర్ మెచ్చుకున్నాడు.

పెన్ ఉన్నంతకాలం అది నిజమే. కానీ ఆయన పెన్సిల్వేనియాలో గడిపింది రెండు విడతల్లో కలిపి నాలుగేళ్లే. అప్పులతో లండన్‌లో జైలుకెళ్లి, 1718లో ఇంగ్లండ్‌లోనే చనిపోయాడు. 1737లో ఆయన కొడుకులు ఓ పాత కాగితం బయటికి తీశారు. ‘మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత భూమి మాది’ అన్నారు. ముందే దారి చదును చేయించి, గట్టి నడకగాళ్లు ముగ్గుర్ని కూలికి పెట్టి దాదాపు పరుగెత్తించారు. వాళ్లలో ఒకతను 60 మైళ్లు దాటాడు. లెనాపేలు పోగొట్టుకున్నది సుమారు 12 లక్షల ఎకరాలు.

ఎల్మ్ చెట్టు 1810లో గాలివానకి కూలిపోయింది. దాని గుర్తుగా 1827లో నాటిన చిన్న రాతి స్తంభం పార్కులో ఉంది. సాయంత్రం వెళ్తే బెన్ ఫ్రాంక్లిన్ బ్రిడ్జి అందంగా కనిపిస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి. లెనాపేల వారసులు ఇప్పుడు ఎక్కువగా ఓక్లహోమా, విస్కాన్సిన్, కెనడాలోని ఒంటారియోల్లో ఉన్నారు. ప్రభుత్వం గుర్తించిన లెనాపే తెగ పెన్సిల్వేనియాలో ఒక్కటీ లేదు.