కొన్నవాళ్ల వెంట కూడా పడ్డాను

బీదర్ నుంచి బిద్రీ సామాను, అంటే నల్లటి లోహంలో వెండి పొదిగిన పాత్రలు, ఆన్‌లైన్‌లో అమ్ముతాను. మొదట్లో వచ్చిన లాభమంతా ప్రకటనలకే తగలేశాను.

సైట్‌కి వచ్చి, చూసి, ఊరికే వెళ్లిపోయేవాళ్లే నా దిగులు. వాళ్లకు మన సరుకే మళ్లీ కనబడేలా చేసే రీటార్గెటింగ్ ఉందని తెలిసి ఫేస్‌బుక్ సంస్థ మెటా ఇచ్చే పిక్సెల్ అనే కోడ్ సైట్‌లో పెట్టించాను. ఎవరు ఏ పేజీ చూశారో అది పట్టేస్తుంది. తర్వాత ఫేస్‌బుక్ తెరిస్తే వాళ్లు చూసిన కూజాయే ఎదురవుతుంది. అలా చూసినవాళ్లను జాబితాలో ఉంచుకోవడానికి మెటా ఇచ్చే గరిష్ఠ గడువు 180 రోజులు. ఆశకొద్దీ అదే పెట్టాను. పైగా పది శాతం తగ్గింపు. కొన్నవాళ్లను జాబితాలోంచి తీసేయాలన్న ఆలోచనే రాలేదు.

హైదరాబాద్ నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "నిన్ననే పూర్తి ధరకు కొన్నాను. ఇవాళ అదే కూజా తక్కువకు చూపిస్తున్నారు. ఇదేం పద్ధతండీ?" తేడా డబ్బు వెనక్కిచ్చాను. ఆవిడ మళ్లీ కొనలేదు. తెలిసిన ఖాతాదారులైతే కార్ట్‌లో వేసి తగ్గింపు కోసం కూర్చోవడం మొదలెట్టారు. అలవాటు చేసింది నేనే.

చివరికి, చిరునామా దాకా నింపి ఆగిపోయిన కొందరికి ఫోన్ చేశాను. ధర ఎక్కువన్నవాళ్లు తక్కువే. "కడిగితే ఆ నలుపు పోతుందా?" ఇదీ వాళ్ల అనుమానం. రంగు పూశామనుకున్నారు!

నిజానికి అది పూత కాదు. జింకులో కాస్త రాగి కలిపి పోత పోసి, చెక్కిన గాడుల్లో వెండి తీగ దిగగొడతారు. చివర్లో బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపి మరిగించి అందులో ముంచుతారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. 2006లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు, 2023లో బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి పద్మశ్రీ అంటూ గొప్పలన్నీ సైట్‌లో రాశాను గానీ, కొనేవాళ్లకు కావలసిన ఈ ముక్క రాయలేదు.

ఇప్పుడు కార్ట్ దాకా వచ్చినవాళ్లకే, వారం పాటే ప్రకటన. తగ్గింపు లేదు. మట్టినీళ్లలోంచి తీసిన కూజాను నూనె గుడ్డతో తుడిచే వీడియో ఉంటుంది, అంతే. ఖర్చు తగ్గింది, అమ్మకం తగ్గలేదు.

మీరూ ఇలాంటి ప్రకటన పెడుతుంటే, కొన్నవాళ్లను ముందు మినహాయించండి. కొననివాళ్లకు ఒకసారి ఫోన్ చేయండి.