పొట్ట ముక్క

ముళ్లు లేని ముక్కలే ఏరి పెడుతుంటే పిల్లలకు చేప తినడం ఎప్పటికీ రాదు. పులుసులో ఉడికిన ముక్కను వేళ్లతో విడదీసి, ముల్లు ఎటు పోతోందో తడిమి, అన్నంలో కలుపుకుని తినాలి. ఆ విద్య పక్కన కూర్చున్న పెద్దవాళ్ల చేతిని చూస్తేనే పట్టుబడుతుంది.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలిని తీసుకుని ఇంటిల్లిపాదీ ఏలూరు నుంచి కైకలూరు వైపు బయల్దేరాం. కొల్లేరు సరస్సు ఒడ్డున ఆటపాకలో పడవెక్కాం. గూడబాతు చేపను మింగుతుంటే, “దానికి ముల్లు గుచ్చుకోదా తాతయ్యా?” అంది. ఐదేళ్లు నిండని పిల్ల. తల ముందు లోపలికి పోతే రెక్కలూ ముళ్లూ వెనక్కి అణిగిపోతాయని చెప్పాను. ఇంకో పక్షి తినేదాకా పడవ కదలనివ్వలేదు.

మధ్యాహ్నం లంక ఊళ్లో మా వదినగారింట్లో భోజనం. చింతపండు పులుసులో జెల్లలు, బొచ్చె. జెల్లకు నడిముల్లే గాని కండలో సన్నముళ్లు దాదాపు ఉండవు. అందుకే పిల్లల కంచంలో మొదట అదే పడుతుంది. బొచ్చెకూ శీలావతికీ పొట్ట ముక్కలో పెద్ద ముళ్లే, ఇట్టే ఊడొస్తాయి. తోక వైపు మాత్రం సన్నటి చీలిక ముళ్లు, అవి పెద్దవాళ్ల వంతు. వదిన ఇవేమీ చెప్పలేదు. జెల్ల అయ్యాక పొట్ట ముక్క వేసి, ఒక ముల్లు తాను తీసి, రెండోది పిల్లకు వదిలేసింది. పిల్ల దాన్ని లాగి, కంచం అంచున పెట్టి, మా అందరి మొహాలూ చూసింది. ఆ తర్వాత ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పులుసు మోచేతి దాకా కారింది. కారానికి ముక్కు కారుతున్నా, “ఇంకో ముక్క అమ్మమ్మా” అంటూనే ఉంది.

ముళ్ల చేపతో ఈ తంటా మన ఒక్కరిదే కాదు. తైవాన్ దీవిలో తైనాన్ అనే ఊళ్లో పొద్దున్నే పాలబొంత చేప వేసిన గంజి తాగుతారు. ఆ చేపకు రెండు వందలకు పైగా ముళ్లు. అక్కడా ముళ్లు తీసిన పొట్ట ముక్కకే గిరాకీ.

వదిన వండిన జెల్లలు సరస్సువి. బొచ్చె చెరువుది. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఈ ప్రాంతపు చెరువుల్లో పెరిగిన బొచ్చె, శీలావతి ఐసులో పడి కలకత్తా దాకా, అస్సాం దాకా లారీల్లో వెళతాయి. వాటి మీద బతికే ఇళ్లు ఇక్కడ ఎన్నో, నేను కాదనను. కానీ జెల్లా కొరమీనూ తమంతట తాము పుట్టి పెరిగేటంత మంచినీరు కొల్లేట్లో మిగలాలి. ఈ పిల్ల తన పిల్లలకు ఏ చేపతో మొదలుపెడుతుందన్నది ఆ నీటి మీదే ఉంది.

మర్నాడు తాడేపల్లిగూడెంలో మా చెల్లెలు కోడి వేపుడు చేసి పెట్టింది. పిల్ల కంచంలోకి చూసి, “ముళ్లున్నది లేదా?” అంది. మా బావ చొక్కా తొడుక్కుని, సంచీ పట్టుకుని చేపల బజారుకు బయల్దేరాడు.