ఒక్క ముద్ద ఖరీదు

అమెరికాలోని ఎల్లోస్టోన్ సరస్సు 2,357 మీటర్ల ఎత్తున, కొండల నడుమ ఉంటుంది. దానిమీది మంచు కరిగేసరికే మే నెల గడిచిపోతుంది. ఆ తర్వాత ఒడ్డున బ్రిడ్జ్ బే దగ్గర గుడారాలు వేసుకునే కుటుంబాలకు వేసవంతా అక్కడి మేనేజరే పెద్దదిక్కు. చోటు చూపించడం, మరుగుదొడ్లు శుభ్రంగా ఉంచడం, రాత్రిపూట గోల చెయ్యొద్దని చెప్పడం... ఇవన్నీ ఓ ఎత్తు. తిండి దాచిపెట్టించడం ఒక్కటీ ఓ ఎత్తు!

బల్లమీద మర్చిపోయిన రొట్టెముక్క, కడగని గిన్నె, ఆఖరికి టూత్‌పేస్టు అయినా సరే... కారులోనో ఇనుపపెట్టెలోనో పెట్టి తాళం వేయాల్సిందే. లేదంటే వాసన పసిగట్టి ఎలుగుబంటి వచ్చేస్తుంది. మనిషి తిండి రుచి మరిగిందంటే మళ్లీ మళ్లీ వస్తుంది. జనానికి ప్రమాదమని చివరికి దాన్ని చంపేయాల్సి రావచ్చు. అందుకే నిద్రపోతున్నవారినైనా పిలిచి లేపాలి. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనీ, అడవిలో ఓ ప్రాణం నిలబడుతుంది.